ఐదక్షరాలు, అందులో క్యూ, యు లేకుండా: ఇంగ్లీషు పదాలు వెతికిపెట్టే పుస్తకం, సైట్లు, ప్రోగ్రాంలపై సమీక్ష

చేతికొచ్చిన అక్షరాల బిళ్లలతో (టైల్స్) బోర్డు మీద ఇంగ్లీషు పదాలు పేర్చే ఆట స్క్రాబుల్. ఆ బోర్డు కొన్న ఇంట్లో కొన్నాళ్లకు బోర్డు ఒక్కటే సరిపోదని తెలిసొస్తుంది. ఐదక్షరాల పదం కావాలి, మూడోది జెడ్ అయ్యుండాలి. లేదా చేతిలో క్యూ ఉంది, యు లేదు. లేదా అక్షరాలన్నీ అచ్చులే, వాటిని ఎలాగైనా వదిలించుకోవాలి. ఇలాంటి ప్రశ్నలకు జవాబిచ్చేవి మూడు రకాలు దొరుకుతున్నాయి: అచ్చు పుస్తకం, నెట్‌లో ఉచితంగా పదాలు వెతికే సైట్లు, కంప్యూటర్లో వేసుకునే ప్రోగ్రాం. బెంగళూరులో ఆడుతున్న తెలుగువాళ్లను, ముఖ్యంగా పిల్లలకు ఈ ఆట నేర్పుతున్న తల్లిదండ్రులను దృష్టిలో పెట్టుకుని ఈ మూడింటినీ పరిశీలించాం.

తీర్పు ముందే చెబుతాం. చిన్నపిల్లలున్న ఇంటికి అర్థాలతో వచ్చే కాలిన్స్ స్క్రాబుల్ డిక్షనరీ. పోటీలకు వెళ్లాలనుకునే వాళ్లకు కాలిన్స్ స్క్రాబుల్ వర్డ్స్ పుస్తకం, దానికి తోడు జిజివా ప్రోగ్రాం. ఉచిత సైట్లలో ఏ జాబితాలో వెతుకుతున్నదీ పేరుతో సహా రాసినదాన్నే నమ్మాలి. మిగతావి ఎంత వేగంగా జవాబిచ్చినా ఇంట్లో వాదనకు తప్ప ఎందుకూ పనికిరావు.

ఇక్కడ ఇంగ్లీషు అక్షరాలను వాటి పేర్లతోనే రాస్తున్నాం. క్యూ-ఐ అని ఉంటే అది రెండు టైల్స్ పదం అనుకోండి.

అన్నింటికన్నా ముందు తేల్చుకోవాల్సింది జాబితా సంగతి. ప్రపంచంలో ఇంగ్లీషు స్క్రాబుల్‌కు ప్రధానంగా రెండు జాబితాలు నడుస్తున్నాయి. అమెరికా, కెనడాల్లో ఒకటి. భారత్ సహా మిగతా చాలా దేశాల్లో కాలిన్స్. ఆట హక్కులు కూడా అలాగే విడిపోయాయి, అమెరికా, కెనడాల్లో హాస్బ్రో, మిగతా చోట్ల మాటెల్. కాలిన్స్ జాబితాలో దాదాపు 2 లక్షల 80 వేల పదాలున్నాయి. అమెరికా జాబితా దానికన్నా బాగా చిన్నది. తేడా ఎక్కడో అరుదైన పెద్ద పదాల్లోనే ఉంటుందనుకోవద్దు, రెండక్షరాల పదాల దగ్గరే మొదలవుతుంది. కాలిన్స్ 2019 జాబితాలో రెండక్షరాల పదాలు 127 ఉంటే అమెరికా జాబితాలో 107. సి-హెచ్, జెడ్-ఓ, ఎస్-టి, ఓ-యు, కె-వై, జె-ఎ ఇవన్నీ మన దగ్గర చెల్లుతాయి, అక్కడ చెల్లవు. రెండక్షరాల పదాలే బోర్డు మీద ఒక పదం పక్కన ఇంకో పదాన్ని సమాంతరంగా పేర్చడానికి ఆధారం. ఇరవై పదాలు తక్కువున్న జాబితాతో సాధన చేసిన పిల్లవాడు పోటీలో కూర్చుంటే తన చేతిలో ఉన్న ఎత్తులు తనకే కనబడవు.

నెట్‌లో వెతికితే ముందు వరసలో వచ్చే సైట్లలో చాలావరకు అమెరికా జాబితా మీదే నడుస్తాయి. కారణం మామూలే, వాటిని వాడేవాళ్లలో ఎక్కువమంది అక్కడివాళ్లు. మెరియం-వెబ్‌స్టర్ వాళ్ల వర్డ్ ఫైండర్ చూడటానికి శుభ్రంగా ఉంటుంది, అర్థాలూ దొరుకుతాయి, కానీ అది వాళ్ల నిఘంటువు మీద ఆధారపడింది కాబట్టి మన ఆటకు కొలబద్ద కాదు. కాలిన్స్ వాళ్ల సైట్‌లో స్క్రాబుల్ పదాలు సరిచూసే పెట్టె విడిగా ఉంది. చెల్లుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్నకైతే బెంగళూరులో కూర్చున్నవాళ్లకు అదే సరైన చోటు.

సైట్ ఏ జాబితాతో నడుస్తోందో రాయకపోతే మీరే పరీక్షించవచ్చు. ముందుగా జెడ్-ఓ కొట్టండి. లేదంటే అది అమెరికా జాబితా. తర్వాత ఓ-కె కొట్టండి. ఇది అమెరికా జాబితాలోకి 2018లో, కాలిన్స్‌లోకి 2019లో వచ్చింది, కనుక లేదంటే ఆ సైట్ పాత జాబితాతో నెట్టుకొస్తోందన్నమాట. చివరగా జె అక్షరానికి ఎన్ని పాయింట్లు చూపిస్తోందో చూడండి. స్క్రాబుల్‌లో జె 8. 10 చూపిస్తే అది వర్డ్స్ విత్ ఫ్రెండ్స్ ఆట కోసం చేసిన పెట్టె. ఆ ఆటలో టైల్స్ 104, స్క్రాబుల్‌లో 100. ఏడక్షరాలూ ఒకేసారి వాడితే అక్కడ 35 పాయింట్ల బోనస్, ఇక్కడ 50. ఒకదాని లెక్కలు ఇంకోదానికి పనిచేయవు. ఈ మూడు పరీక్షలకూ కలిపి ఒక నిమిషం పట్టదు.

పుస్తకం సంగతికొద్దాం. కాలిన్స్ పేరుతో స్క్రాబుల్ పుస్తకాలు రెండు రకాలున్నాయి, అట్టలు చూస్తే ఒకేలా అనిపించి ఒకదానికి బదులు ఇంకోటి కొనేస్తారు. స్క్రాబుల్ వర్డ్స్ అన్నది 2 నుంచి 15 అక్షరాల దాకా చెల్లే పదాల పూర్తి జాబితా, పోటీలకు ప్రామాణికం. స్క్రాబుల్ డిక్షనరీ అన్నది కుటుంబాలకూ బడులకూ ఉద్దేశించినది. అర్థాలుంటాయి, అసభ్య పదాలు ఉండవు, కానీ పూర్తి జాబితా కాదు. పదేళ్ల పిల్లకు మొదటిది ఇస్తే ఫోన్ డైరెక్టరీ ఇచ్చినట్టే. రెండోదాన్ని పోటీకి తీసుకెళ్తే, చెల్లే పదాన్ని చెల్లదని ఛాలెంజ్ చేసి పాయింట్లు పోగొట్టుకోవాల్సి వస్తుంది.

అర్థాల మీద మా అభిప్రాయం గట్టిదే. నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజిలాండ్ ఆటగాడు ఫ్రెంచ్ మాట్లాడటం రాకుండానే 2015లో ఫ్రెంచ్ స్క్రాబుల్ ప్రపంచ టైటిల్ గెలిచాడు, 2024లో స్పానిష్‌దీ గెలిచాడు. జాబితా మొత్తం కంఠస్థం చేస్తే ఆట గెలవవచ్చని దానితో తేలిపోయింది. అయితే మన ఇళ్లలో చాలామంది ఈ ఆట కొనేది పిల్లలకు ఇంగ్లీషు పట్టుబడాలని. ఆ పని జాబితా చేయదు, అర్థాలున్న పుస్తకమే చేస్తుంది. క్యూ-ఎ-టి చెల్లుతుందని చెప్పి వదిలేయకండి. అది అరబ్బు దేశాల్లో, తూర్పు ఆఫ్రికాలో నమిలే ఒక ఆకు అని, క్యూ-ఐ అంటే చైనా వైద్యంలో ప్రాణశక్తి అని చెప్పి చూడండి, ఆ పిల్ల ఇంక మర్చిపోదు.

పుస్తకానికి ఉన్న అసలు లోటు దాని వరసలోనే ఉంది. అది అకారాది క్రమం. మొదటి అక్షరం తెలిస్తేనే జవాబు దొరుకుతుంది. ఐదక్షరాలు, మూడోది జెడ్ అన్న ప్రశ్న అడిగితే పుస్తకమంతా తిరగేయాలి. చివర్లో జెడ్ అన్నా అంతే. బోర్డు మీద మనకు ఎదురయ్యే ప్రశ్నల్లో చాలావరకు ఇలాంటివే, ఎందుకంటే ముందే పడి ఉన్న అక్షరం మన పదంలో మొదటిదే అవ్వాలని ఏమీ లేదు. కాబట్టి తగవు తీర్చడానికి పుస్తకం, వెతకడానికి వేరే సాధనం అనుకుని కొనుక్కుంటే నిరాశ ఉండదు.

ఇప్పుడు ఆ వెతికే పని. మేం చూసినంతలో వాడేవాళ్లు ఎక్కువ తప్పులు చేసేది ఇక్కడే, సైట్ల లోపం ఉన్నదీ ఇక్కడే. అక్షరాలిచ్చి పదాలు అడగడంలో నాలుగు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఈ అక్షరాలన్నీ వాడి, ఇంకేమీ కలపకుండా ఏర్పడే పదాలు ఏవి? ఈ అక్షరాల్లో కొన్నిటితో ఏర్పడేవి ఏవి? ఈ అక్షరాలు ఎక్కడో ఒకచోట ఉన్న ఫలానా పొడుగు పదాలు ఏవి? ఈ అక్షరం సరిగ్గా ఫలానా స్థానంలో ఉన్నవి ఏవి? మంచి సాధనంలో నాలుగింటికీ నాలుగు పెట్టెలుంటాయి. నాసిరకం సైట్లు ఒకే పెట్టె పెట్టి, మీరు అడిగింది ఏ ప్రశ్నో వాళ్లే ఊహించుకుని జవాబిస్తాయి.

ప్రశ్నార్థకం గుర్తుతో వచ్చే చిక్కు చూడండి. అక్షరాల పెట్టెలో ? అంటే బ్లాంక్ టైల్, ఏ అక్షరమైనా కావచ్చు, ఎక్కడైనా కూర్చోవచ్చు. నమూనా పెట్టెలో ? అంటే ఆ ఒక్క స్థానం ఖాళీ అని. రెండు ప్రశ్నార్థకాలు, మధ్యలో జెడ్, మళ్లీ రెండు ప్రశ్నార్థకాలు నమూనా పెట్టెలో వేస్తే డి-ఓ-జెడ్-ఇ-ఎన్, ఆర్-ఎ-జెడ్-ఓ-ఆర్, బి-ఎ-జెడ్-ఎ-ఆర్ లాంటివి వస్తాయి. (బజార్‌కు ఒక్క ఎ ఉన్న ఐదక్షరాల రూపం కూడా చెల్లుతుంది, గుర్తుపెట్టుకోండి.) అదే వరస అక్షరాల పెట్టెలో వేస్తే జెడ్‌తో పాటు నాలుగు బ్లాంకులు మీ దగ్గరున్నట్టు లెక్క. ఆట పెట్టెలో ఉండేవే రెండు బ్లాంకులు, అందుకని కొన్ని సైట్లు తప్పు అంటాయి, కొన్ని జెడ్ ఎక్కడున్నా సరే చూపించేస్తాయి. * గుర్తు ఉన్న సైట్లలో దాని అర్థం వేరు, ఎన్ని అక్షరాలైనా, సున్నా అయినా. పొడుగు ముఖ్యమైనప్పుడు * వాడకూడదు, లేదా వాడి పక్కన పొడుగు విడిగా నిర్ణయించాలి.

క్యూ ప్రశ్నలో ఇంకో మెలిక ఉంది. క్యూ ఉండాలి, యు ఉండకూడదు అని అడిగితే ఐదక్షరాల్లో ఎఫ్-ఎ-క్యూ-ఐ-ఆర్, క్యూ-ఎ-ఎన్-ఎ-టి, టి-ఎ-ఎల్-ఎ-క్యూ, ఎన్-ఐ-క్యూ-ఎ-బి, క్యూ-ఐ-బి-ఎల్-ఎ, టి-ఆర్-ఎ-ఎన్-క్యూ లాంటివి వస్తాయి. ఫకీర్, తలాక్, నిఖాబ్ మనకు తెలిసిన మాటలే కాబట్టి ఇవి మన పిల్లలకు తొందరగా అబ్బుతాయి. అయితే బుర్ఖా, అంటే బి-యు-ఆర్-క్యూ-ఎ, ఈ జవాబులో రాదు. దానిలో యు ఉంది, కాకపోతే క్యూ తర్వాత లేదు. మూడక్షరాల ఎస్-యు-క్యూ కూడా అంతే. యు లేని పదం, క్యూ వెంట యు రాని పదం అన్నవి రెండు వేరు ప్రశ్నలు. చేతిలో యు ఉండి కూడా క్యూ పక్కన పెట్టే చోటు లేనప్పుడు కావాల్సింది రెండోది. మామూలు సైట్లలో రెండోది అడగడానికి దారే ఉండదు.

అచ్చుల భారం దించుకోవడానికి వెతకడం ఇంతకన్నా తేలిక. ఐదక్షరాల్లో నాలుగు అచ్చులున్నవి అడగండి: ఎ-డి-ఐ-ఇ-యు, ఎ-యు-డి-ఐ-ఓ, ఎం-ఐ-ఎ-ఓ-యు, ఎ-ఎ-ఎల్-ఐ-ఐ. అచ్చులే లేనివి కావాలంటే ఎన్-టి-హెచ్, సి-డబ్ల్యూ-ఎం, సి-ఆర్-డబ్ల్యూ-టి-హెచ్, పి-ఎస్-ఎస్-టి. అచ్చుల సంఖ్య అడిగే వీలున్న సైట్లు తక్కువే, వై అక్షరాన్ని అచ్చుగా లెక్కేస్తారో లేదో సైట్‌కొక పద్ధతి.

సైట్లు చెప్పని ఇంకో సంగతి టైల్స్ లెక్క. జాబితాలో పదం ఉన్నంత మాత్రాన ఆట పెట్టెలో టైల్స్ ఉన్నట్టు కాదు. జెడ్ ఒక్కటే, క్యూ, ఎక్స్, జె, కె కూడా ఒక్కొక్కటే. జె-ఎ-జెడ్-జెడ్ వేయాలంటే రెండో జెడ్‌కు బ్లాంక్ పెట్టాలి, బ్లాంక్‌కు సున్నా. కాబట్టి దాని విలువ 19, కొన్ని సైట్లు చూపించే 29 కాదు. క్యూ-యు-ఐ-జెడ్ అయితే బ్లాంక్ లేకుండానే 22. పాయింట్ల వరసలో పేర్చి చూపించే సైట్ ఈ సంగతి పట్టించుకుంటుందో లేదో జె-ఎ-జెడ్-జెడ్ కొట్టి చూస్తే తెలిసిపోతుంది.

ఇక జిజివా. ఒక రకం ఉష్ణమండలపు పురుగు పేరు పెట్టుకున్న ప్రోగ్రాం ఇది. ఆ పదం కూడా జాబితాలో ఉంది, ఏడక్షరాలు, మూడు జెడ్‌లు. ఉన్న ఒక్క జెడ్‌కు రెండు బ్లాంకులూ తోడైతేనే బోర్డు మీద పడుతుంది. ప్రోగ్రాం పైకి చాలా సాదాగా ఉంటుంది. బొమ్మలు లేవు, రంగులు లేవు, ప్రకటనలు లేవు. మొదటిసారి తెరిచినవాళ్లకు ఏం చేయాలో తోచదు, అదే దాని పెద్ద లోపం. పావుగంట ఓపిక పడితే మాత్రం దీని తర్వాత ఏ సైటూ ఆనదు.

వెతికే కిటికీలో షరతులు ఒకదాని కింద ఒకటి కలుపుకుంటూ పోవచ్చు: నమూనా, అనాగ్రామ్ (ఇచ్చిన అక్షరాలన్నిటినీ అటూ ఇటూ మార్చి పేర్చితే వచ్చే పదం), కొన్ని అక్షరాలతో ఏర్పడేవి, పొడుగు, తప్పక ఉండాల్సిన అక్షరాలు, అచ్చుల సంఖ్య, పాయింట్ల విలువ, ముందు ఫలానా అక్షరం తగిలించినా చెల్లేవి, చివర తగిలించినా చెల్లేవి. చాలా షరతులకు కాదు అనే గడి ఉంది. పైన చెప్పిన బుర్ఖా చిక్కు ఇక్కడ తీరిపోతుంది: క్యూ ఉండాలి అన్నది ఒక షరతు, పొడుగు ఐదు అన్నది రెండోది, * క్యూ యు * అన్న నమూనాకు కాదు గడి టిక్కు పెట్టడం మూడోది. నమూనాలో చదరపు కుండలీకరణాల్లో అక్షరాలు పెడితే వాటిలో ఏదో ఒకటి అని అర్థం. ఒక స్థానంలో అచ్చు మాత్రమే కావాలంటే అలా అడగాలి.

వచ్చిన ప్రతి పదానికి రెండు పక్కలా చిన్న అక్షరాలు కనిపిస్తాయి. ఎడమ పక్కవి ఆ పదం ముందు, కుడి పక్కవి చివర తగిలించగలిగే అక్షరాలు. ఆటగాళ్లు హుక్స్ అంటారు. పోటీ స్థాయిలో పదం తెలియడం సగం పనే, హుక్ తెలియడం మిగతా సగం, ఎందుకంటే బోర్డు మీద ఉన్న పదానికి ఒక అక్షరం తగిలిస్తూ మీ పదాన్ని అడ్డంగా వేయగలిగితే రెండు పదాల పాయింట్లూ మీవే. ఉచిత సైట్లలో ఈ వసతి ఉన్నవి అరుదు.

అతి విలువైనది సంభావ్యత వరస. కాలిన్స్‌లో ఏడక్షరాల పదాలు 34 వేలకు పైగా ఉన్నాయి. అకారాది క్రమంలో చదవడం మొదలుపెడితే ఎవరైనా వారానికే వదిలేస్తారు. జిజివా, ఆట పెట్టెలోని టైల్స్ సంఖ్యను బట్టి, అంటే ఇ పన్నెండు, ఎ, ఐ తొమ్మిదేసి, ఓ ఎనిమిది, ఎన్, ఆర్, టి ఆరేసి, ఇలా లెక్కేసి, చేతికి రావడానికి ఎక్కువ అవకాశమున్న పదాలను ముందు పెడుతుంది. ఏడక్షరాల్లో మొదటి వంద, తర్వాత వంద అని అడిగి చదువుకోవచ్చు. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు చేసే పొరపాటు ఒకేసారి వెయ్యి పదాలు తెరవడం. యాభైకి మించి తెరవకండి.

ఎస్, ఎ, టి, ఐ, ఎన్, ఇ అనే ఆరక్షరాల గుంపు దీనికి మంచి పాఠం. దానికి ఆర్ కలిపితే ఆర్-ఇ-టి-ఎ-ఐ-ఎన్-ఎస్, ఎన్-ఎ-ఎస్-టి-ఐ-ఇ-ఆర్, ఆర్-ఇ-టి-ఐ-ఎన్-ఎ-ఎస్, ఎస్-టి-ఎ-ఐ-ఎన్-ఇ-ఆర్, ఇంకా ఉన్నాయి. డి కలిపితే ఐ-ఎన్-ఎస్-టి-ఇ-ఎ-డి. జి కలిపితే ఎస్-ఇ-ఎ-టి-ఐ-ఎన్-జి. ఎం కలిపితే ఐ-ఎన్-ఎం-ఎ-టి-ఇ-ఎస్. వి కలిపితే ఎన్-ఎ-టి-ఐ-వి-ఇ-ఎస్. జెడ్ కలిపినా జెడ్-ఎ-ఎన్-ఐ-ఇ-ఎస్-టి ఉంది. ప్రోగ్రాంలో ఈ ఆరింటితో పాటు ఒక ప్రశ్నార్థకం అనాగ్రామ్ పెట్టెలో వేస్తే మొత్తం ఒకే తెర మీద వచ్చేస్తుంది. ఏడూ దించితే 50 బోనస్ కాబట్టి ఇలాంటి ఒక్క గుంపు నేర్చుకున్నా ఆట స్థాయి మారిపోతుంది.

చదివినవి మరిచిపోకుండా కార్డ్‌బాక్స్ అనే ఏర్పాటు ఉంది. చెప్పగలిగిన పదం చాలా రోజుల తర్వాతే మళ్లీ అడుగుతుంది, తప్పినది వెంటనే మళ్లీ అడుగుతుంది. రెండు వారాలు తెరవకపోతే బాకీలు పేరుకుపోయి వందల్లో కనిపిస్తాయి, చాలామంది అక్కడే మానేస్తారు. కొత్త పదాలు చేర్చడం ఆపి బాకీ తీర్చుకోవడమే దీనికి మందు.

వర్డ్ జడ్జ్ అనే తెర ఇంట్లో తగవులకు మంచి రెఫరీ. వేసిన ఎత్తులో ఏర్పడిన పదాలన్నీ కొట్టి ఎంటర్ నొక్కితే ఆ ఎత్తు చెల్లుతుందో లేదో మాత్రమే చెబుతుంది. ఏ పదం తప్పో చెప్పదు. అది లోపం కాదు, పోటీల పద్ధతే అది. మీ ప్రత్యర్థికి అవసరానికి మించి సమాచారం అందకూడదు. అంతర్జాతీయ నియమాలతో జరిగే పోటీల్లో చాలావాటిలో తప్పుగా ఛాలెంజ్ చేస్తే పదానికి 5 పాయింట్లు ఎదుటివాళ్లకు చేరతాయి. అమెరికాలో అయితే ఛాలెంజ్ చేసినవాళ్ల వంతే పోతుంది. ఇంట్లో ఏ పద్ధతో ఆట మొదలుపెట్టకముందే అనుకోండి. ప్రోగ్రాం దించుకునే ముందు అది కాలిన్స్ జాబితాతో వస్తోందా అమెరికా జాబితాతోనా అన్నది తప్పకుండా చూడండి, రెండు రకాలూ ఉన్నాయి.

ఆడిన ఆటను తర్వాత విశ్లేషించుకోవాలంటే క్వాకిల్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. మనుషులతో నెట్‌లో ఆడాలంటే వూగుల్స్ సైట్‌లో డబ్బులూ ప్రకటనలూ లేకుండా కాలిన్స్ జాబితాతో ఆడవచ్చు. జిజివాతో చదివి వూగుల్స్‌లో ఆడటం మంచి జత.

మన మాటల దగ్గర ఒక్క క్షణం ఆగాలి, ఎందుకంటే వీటి మీదే బెంగళూరు ఇళ్లలో ఎక్కువ వాదనలు. ఐ-డి-ఎల్-ఐ చెల్లుతుంది, చివర ఎస్ పెట్టినా చెల్లుతుంది. మన హోటల్ బోర్డుల మీద కనిపించే ఐ-డి-ఎల్-వై కూడా చెల్లుతుంది, కానీ అది ఊరికే, పనిలేకుండా అనే అర్థమున్న ఇంగ్లీషు మాట, దానికి ఎస్ తగిలిస్తే చెల్లదు. డి-ఓ-ఎస్-ఎ, డి-ఓ-ఎస్-ఎ-ఎస్, డి-ఓ-ఎస్-ఎ-ఐ మూడూ ఉన్నాయి. కన్నడ ఉచ్చారణతో ఇక్కడి బోర్డుల మీద రాసే డి-ఓ-ఎస్-ఇ మందు మోతాదుగా చెల్లుతుంది. పప్పుకు డి-ఎ-ఎల్, డి-హెచ్-ఎ-ఎల్, డి-ఎ-హెచ్-ఎల్, డి-ఎ-ఎ-ఎల్ నాలుగు రూపాలూ సరే, చేతిలో ఏ అక్షరాలుంటే అది. జి-హెచ్-ఇ-ఇ, ఎస్-ఎ-ఎం-బి-ఎ-ఆర్, ఎల్-ఎ-కె-హెచ్, సి-ఆర్-ఓ-ఆర్-ఇ, పి-ఎ-ఐ-ఎస్-ఎ, డి-హెచ్-ఓ-టి-ఐ, ఎల్-యు-ఎన్-జి-ఐ అన్నీ ఉన్నాయి. ఎ-ఎన్-ఎన్-ఎ చెల్లేది మన అన్నయ్యగా కాదు, పాతకాలపు అణాగా. తెలుగు పందికొక్కు నుంచి ఇంగ్లీషులోకి వెళ్లిన తొమ్మిదక్షరాల బి-ఎ-ఎన్-డి-ఐ-సి-ఓ-ఓ-టి కూడా జాబితాలో ఉంది. చేతిలో ఏడే ఉంటాయి కాబట్టి రెండక్షరాలు బోర్డు మీద ముందే సరైన దూరంలో పడి ఉండాలి. ఊళ్ల పేర్లు, మనుషుల పేర్లు చెల్లవు. మన పిల్లలు ఇంకో చోట తడబడతారు. త అనగానే టి-హెచ్ రాసే అలవాటు మనకుంది, దానివల్ల డి-హెచ్-ఓ-టి-ఐ ని డి-హెచ్-ఓ-టి-హెచ్-ఐ అని వేసి పోగొట్టుకుంటారు.

రోజుకొక ఐదక్షరాల ఇంగ్లీషు పదాన్ని ఊహించి కనుక్కునే నెట్ ఆట వర్డిల్ కోసం ఈ సాధనాలు వాడేవాళ్లకు వేరే జాగ్రత్తలు. 2021 అక్టోబరులో అందరికీ తెరిచిన ఈ ఆటను 2022 జనవరిలో న్యూయార్క్ టైమ్స్ కొన్నది. మొదట్లో ఊహగా ఒప్పుకునే పదాలు 12,972 ఉంటే, జవాబుగా వచ్చే అవకాశమున్నవి 2,315 మాత్రమే. 2022 నవంబరు నుంచి జవాబులను ఒక ఎడిటర్ ఎంచుతున్నారు. కాబట్టి కాలిన్స్ జాబితాలో వెతికే సాధనం ఇక్కడ పక్కదారి పట్టిస్తుంది. ఎ-ఎ-ఎల్-ఐ-ఐ ఊహగా ఒప్పుకుంటారు, జవాబుగా రాదు. స్పెల్లింగ్ అమెరికాది. 2022 ఫిబ్రవరిలో హెచ్-యు-ఎం-ఓ-ఆర్ జవాబుగా వచ్చినప్పుడు, ఇంకో యు కలిపి ఆరక్షరాలుగా రాసే బ్రిటిష్ ఆటగాళ్లు గోలపెట్టారు. మన బడుల్లో నేర్పేదీ ఆ ఆరక్షరాలదే.

వర్డిల్ సహాయక పెట్టెల్లో అందరూ పడే గుంట రెట్టింపు అక్షరాలది. జవాబు హెచ్-ఓ-టి-ఇ-ఎల్ అనుకోండి, మీరు ఎల్-ఇ-వి-ఇ-ఎల్ వేశారు. చివరి ఇ, ఎల్ పచ్చగా, అంటే సరైన చోటే ఉన్నాయని వస్తాయి, మొదటి ఎల్, ఇ బూడిద రంగులో వస్తాయి. బూడిద రంగు చూసి లేని అక్షరాల పెట్టెలో ఎల్, ఇ కొట్టేస్తే సాధనం సున్నా పదాలు చూపిస్తుంది. అక్కడ బూడిద అంటే ఆ అక్షరం అసలు లేదని కాదు, రెండోసారి లేదని. పచ్చగానో పసుపుగానో (పదంలో ఉంది కానీ చోటు వేరు అని) ఒకసారి వచ్చిన అక్షరాన్ని లేనివాటిలో ఎప్పుడూ వేయకండి.

కొనడానికి బెంగళూరులో ముందు చూడాల్సింది చర్చ్ స్ట్రీట్. మెట్రో పర్పుల్ లైన్‌లో వైట్‌ఫీల్డ్ నుంచి నేరుగా ఎంజీ రోడ్ స్టేషన్‌లో దిగితే నడక దూరమే. బ్లాసమ్, బుక్‌వార్మ్ అనే పుస్తకాల కొట్లు రెండూ అక్కడే, కొత్తవీ పాతవీ దొరుకుతాయి. మెజెస్టిక్ వైపు వాళ్లకు గాంధీనగర్‌లో సప్నా దగ్గర. ఏ కొట్టుకైనా ముందే ఫోన్ చేసి, స్క్రాబుల్ వర్డ్స్ కావాలో స్క్రాబుల్ డిక్షనరీ కావాలో పేరు విడమరిచి చెప్పండి. స్క్రాబుల్ పుస్తకం అని మాత్రమే అంటే ఏది ఉంటే అది తీసి పెడతారు.

పాత ప్రతి కొంటుంటే అట్ట తళుకు చూడొద్దు, ముద్రణ సంవత్సరం చూడండి. ఆ పేజీ చిరిగిపోయి ఉంటే ఓ పేజీల్లోకి వెళ్లి ఓ-కె ఉందేమో వెతకండి, లేకపోతే అది 2019 కన్నా పాతది. 2019 ముద్రణ అయినా ఒక సంగతి తెలుసుకుని కొనాలి. 2021లో మాటెల్ కించపరిచే పదాలు దాదాపు 400 తీసేసింది, కాబట్టి ఆ పుస్తకంలో ఉన్నవన్నీ ఇప్పుడు చెల్లవు. 2024లో వచ్చిన జాబితా 2025 జనవరి నుంచి పోటీల్లో అమల్లో ఉంది. ఇంట్లో ఆడుకోవడానికి 2014 ప్రతి సగం ధరకు దొరికితే తీసుకోండి, ఓ-కె, ఇ-డబ్ల్యూ, జెడ్-ఇ అనే మూడు రెండక్షరాల పదాలను మొదటి పేజీలో పెన్నుతో రాసుకుంటే చాలావరకు సరిపోతుంది. పోటీకి వెళ్లేవాళ్లు మాత్రం 2024 ముద్రణ కాకుండా ఇంకేదీ కొనొద్దు.